ఎత్వం లేని కంచ

పొద్దున వంటింట్లో అడుగుపెట్టగానే సీతాఫలం వాసన గుప్పుమంది. మొన్న కొని బియ్యం డబ్బాలో పడేసిన కాయలు అన్నీ ఒక్కసారే మగ్గి కూర్చున్నాయి. ఒకదాన్ని తీసి కాస్త నొక్కానో లేదో రెండు ముక్కలైంది. గిన్నె, చెంచా అనే మర్యాదలేవీ పాటించకుండా సింకు దగ్గరే నిలబడి తిన్నాను. మా అమ్మ చూస్తే "అదేం తిండే, అడవి మనిషిలా" అని ఉండేది. కానీ ఈ వాసనతో నాకు గుర్తొచ్చేది అమ్మ కాదు, మా పక్కవాటా దీవెనమ్మ టీచరుగారు. ఏటా ఈ కాయల కాలం రాగానే ఆవిడ గురించి రాయాలని కూర్చుంటాను, కాయలు అయిపోయేసరికి ఆ సంగతి మరిచిపోతాను. ఈ ఏడు మరిచిపోతే కుదరదు. ఎందుకు కుదరదో మొన్న ఈ కాయలమ్మిన మనిషే చెప్పి వెళ్లింది. ముందు దీవెనమ్మ గారెవరో చెప్పనివ్వండి.

మాది తెనాలి. నేను పుట్టకముందే నాన్న ఇటు సికింద్రాబాదు వైపు వచ్చి, ఏ.ఎస్. రావు నగర్ మెయిన్ రోడ్డు మీద స్టీలు సామాన్ల దుకాణం పెట్టారు. మేముండే ఇంట్లో మేడ మీద రెండు వాటాలు. ఒకటి మాది, రెండోది దీవెనమ్మ గారిది. ఆవిడది బాపట్ల దగ్గర ఒక పల్లె. భర్త రైల్వేలో పనిచేస్తూ పోయారు, పిల్లల్లేరు. సికింద్రాబాదులో ఒక మిషన్ స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. గంజి పెట్టిన నేత చీర, మణికట్టు లోపలివైపుకి తిప్పి కట్టుకున్న గడియారం, చేతిసంచిలో ఎర్ర పెన్ను. ఆ పెన్ను మాత్రం రిటైరు కాలేదు. ఎవరైనా శుభలేఖ ఇవ్వడానికి వస్తే అక్కడికక్కడే దిద్ది వెనక్కి ఇచ్చేవారు. "తప్పకుండా వస్తాను నాయనా. పెళ్లికూతురి పేరులో ఒత్తు పోయింది, ముహూర్తం లోపు పెట్టించుకోండి." చర్చి కరపత్రమైనా, కిరాణా కొట్టు బోర్డైనా ఆవిడ కంటపడితే దిద్దుబాటు తప్పదు. వీధిలో వాళ్లకి ఆవిడంటే గౌరవమూ ఉండేది, ఆవిడ ఎదురొస్తే పక్క సందులోకి తిరగాలన్న బుద్ధీ పుట్టేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా తెలుగులో నాకొచ్చిన మార్కులు చూసి అమ్మ తల పట్టుకుంది. ఇంగ్లీషు మీడియం చదువు, ఇంట్లో టీవీ తెలుగు, నా రాత చూస్తే కోడి గెలికినట్టుండేది. అమ్మ నన్ను లాక్కెళ్లి పక్కవాటాలో అప్పగించింది. పుస్తకం తీస్తారనుకున్నాను. ఆవిడ చెప్పులు తొడుక్కున్నారు. "పద పిల్లా, కూరగాయలకి పోదాం." మార్కెట్టు దాకా వెళ్లి వచ్చేలోపు దారిలో ఉన్న ప్రతి బోర్డునూ నేను పైకి చదవాలి, తప్పు పట్టుకోవాలి. తప్పు పట్టుకుంటే పల్లీపట్టీ. అలా నా తెలుగు చదువంతా ఫుట్‌పాత్ మీదే సాగింది. ఒకరోజు మా దుకాణం ముందు ఆగి చదవమన్నారు. చదివాను. 'స్టీలు పాత్రళు' అని ఉంది. ఆవిడ నేరుగా లోపలికి నడిచి, "ఏమండీ, మీ పాత్రలకి అంత పెద్ద ళకారం బరువు కాదూ?" అన్నారు. మా నాన్న మర్నాడే పెయింటర్ని పిలిపించారు. అప్పట్నుంచీ ఆవిడ దుకాణం వైపు వస్తుంటే నాన్న లేచి నిలబడేవారు.

సీతాఫలాల కాలంలో యాదమ్మ వచ్చేది. కాప్రా దాటి, బస్సు దిగి, ఇంకాస్త లోపలికి నడిస్తే వచ్చే ఈదులగూడెం వాళ్ల ఊరు. గంప నెత్తిన పెట్టుకుని వచ్చి మా గేటు ముందు దించేది. నల్లటి మనిషి, గట్టి గొంతు, నవ్వితే వీధి చివరికి వినపడేది. ఆవిడకీ దీవెనమ్మ గారికీ మధ్య జరిగే బేరం చూడ్డానికి నేను హోంవర్కు వదిలేసి మెట్లమీద కూర్చునేదాన్ని.

"కండ్లు దెరిసిన కాయలు టీచరమ్మా! రేపటికల్లా మగ్గుతయ్" అనేది యాదమ్మ.

"దెరిసిన కాదు యాదమ్మా, తెరిచిన. కండ్లు కాదు, కళ్లు."

"నీ కళ్లు నీకుండనీ, నా కండ్లు నాకుండనీ. కాయలు తీస్కుంటవా, లేదా జెర జల్ది చెప్పు."

నేను పకపకా నవ్వితే నాకు చీవాట్లు. "నవ్వకే. భాషంటే నవ్వులాట కాదు." కాయలు మాత్రం ఆవిడ యాదమ్మ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా కొనేవారు కాదు. యాదమ్మకి చల్లటి మజ్జిగ, క్రిస్మస్‌కి కవరు నిండా నూనెలో వేయించిన గులాబీ పువ్వులు తప్పకుండా ఉండేవి. ప్రేమకి లోటు లేదు. కాని తెలుగంటే ఒకటే తెలుగు, అది బాపట్ల నుంచి తాను ట్రంకుపెట్టెలో మడతపెట్టి తెచ్చుకున్నది అని ఆవిడ గట్టి నమ్మకం. మిగతా వాళ్లందరూ దాన్ని కాస్తో కూస్తో పాడుచేసినవాళ్లు, ఓపిగ్గా చెబితే బాగుపడేవాళ్లు. నాకూ అప్పట్లో అదే నిజమనిపించేది. మా ఇంట్లోనూ అదే మాట కదా.

ఇంకో సంగతి చెప్పాలి. ఏటా ఈస్టరు రోజు తెల్లవారకముందే దీవెనమ్మ గారి చర్చివాళ్లు వ్యానుల్లో బయల్దేరి ఒక గుట్ట మీదికి వెళ్లేవారు. సూర్యోదయం వేళ అక్కడ ఆరాధన. ఒక ఏడు నన్నూ వెంట తీసుకెళ్లారు. రోడ్డు పక్కన రాతి కడీలు, వాటికి తుప్పుపట్టిన ముళ్లతీగ, అక్కడక్కడా తెగి వేలాడుతోంది. ఆ సందుల్లోంచి దూరి పైకెక్కాలి. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు బండలు, వాటి మధ్య ఆకురాలిన పొదలు, ఎండు గడ్డి, దూరంగా మేకల మెడల్లో గంటల చప్పుడు. ఆకాశం తెల్లబడుతుంటే అందరూ కలిసి పాడారు. కాపరి గురించి, పచ్చిక గురించి పాట. నాకు ఆ పాట కంటే పాట అయ్యాక ఫ్లాస్కులోంచి పోసిన అల్లం టీ బాగా గుర్తు. ఆ చోటుని మేమంతా 'ఈస్టరు గుట్ట' అనేవాళ్లం. దానికి ఇంకో పేరు ఉంటుందని మాకెవరికీ తట్టలేదు.

నేను డిగ్రీలో ఉండగా ఒక మధ్యాహ్నం యాదమ్మ వచ్చింది. కాయల కాలం కాదు, నెత్తిన గంప లేదు, వెంట ఇద్దరు మగవాళ్లున్నారు. మెట్లెక్కగానే కూలబడింది. "టీచరమ్మా, మా కంచ పోతదట. మాకు దిక్కెవలు?" అంది. అలాంటి గొంతు ఆమె దగ్గర నేనెప్పుడూ వినలేదు.

దీవెనమ్మ గారు ముగ్గురికీ మజ్జిగిచ్చి కూర్చోబెట్టి సంగతంతా రాబట్టారు. ఈదులగూడెం గుట్టల మీద ఒక కంపెనీ పెద్ద కాలనీ కట్టబోతోంది. విల్లాలు, వాటి వెనక ఆకాశాన్నంటే టవర్లు. ఆ నేల ఇళ్లు కట్టకూడని రక్షిత ప్రాంతమని ప్రభుత్వ ప్లానులోనే ఉంది. దాన్ని మార్చమని కంపెనీ అర్జీ పెట్టుకుంది. అభ్యంతరాలున్నవాళ్లు గడువు లోపల రాసివ్వాలని పేపర్లో నోటీసు వేశారు. రాసివ్వకపోతే ఎవరికీ అభ్యంతరం లేనట్టే లెక్క. ఊరి పెద్దలు కొందరు అప్పటికే కంపెనీ వైపు మొగ్గారు. మిగిలినవాళ్లు తమకు చేతనైనట్టు ఒక కాగితం రాసుకుని, చదువుకున్న మనిషి చేత దిద్దించుకుందామని వచ్చారు. అందులో మూడే ముక్కలు. 'మా ఊరి కంచ మాకే ఉండాలె. కంచ ఎవలకు ఇయ్యొద్దు. కంచ పోతే మేం ఆగమైతం.'

ఇప్పుడు తలుచుకుంటే అంతకంటే మంచి అభ్యంతరం ఎవరూ రాయలేరనిపిస్తుంది. అప్పుడు దీవెనమ్మ గారి ఎర్ర పెన్ను మూత తెరుచుకుంది. "కంచ కాదమ్మా, కంచె. చివర ఎత్వం ఉండాలి" అంటూ మూడు చోట్లా ఎత్వం పెట్టారు. మా ఈస్టరు గుట్ట కూడా అందులోదే కాబట్టి రోడ్డు పక్కనున్న రాతి కడీలు, ముళ్లతీగ ఆవిడ చూసినవే. ఆ దడి ఉన్నంతకాలం నేలకి రక్షణ, దాన్ని పీకేస్తే కంపెనీ వచ్చి పడుతుంది అని ఆవిడకి అర్థమైంది. యాదమ్మకేం తెలుసు? "నువ్వు సదువుకున్నదానివి. ఎట్ల రాస్తె మంచిగుంటదో గట్లనే రాయమ్మా" అంది.

ఆవిడ రెండు రోజులు కూర్చుని రాశారు. ముత్యాల్లాంటి అక్షరాలు. 'గ్రామమును అనాదిగా కాపాడుచున్న కంచెను ఎట్టి పరిస్థితులలోను తొలగింపరాదనియు, యథాతథముగా నుంచవలసినదనియు' అంటూ అలా సాగింది. నాన్న దుకాణం మూసి వచ్చి, ఈవిడ ఇంకా రాస్తుండటం చూసి ఉండబట్టలేక గుమ్మంలోంచే అన్నారు: "కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ టీచరుగారూ? రియలెస్టేటు వాళ్లతో మనకెందుకు?"

"కందకి దురద లేదని మీకెవరు చెప్పారండీ? ఒకసారి యాదమ్మనడిగి చూడండి" అన్నారావిడ, తలెత్తకుండానే.

ఊళ్లో వేపచెట్టు కింద నిలబడి ఆవిడే చదివి వినిపించారు. కంచెకీ కంచకీ చెవికి తేడా ఎంతని! అంత గంభీరమైన తెలుగు విని ఊరు ఊరంతా మురిసిపోయింది. "మస్తు రాసినవమ్మా, దెబ్బకు దిగొస్తరు" అన్నారు. సంతకాలొచ్చినవాళ్లు సంతకాలు, రానివాళ్లు వేలిముద్రలు పెట్టారు. గడువు లోపలే వెళ్లి ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాం. ఆ సాయంత్రం దీవెనమ్మ గారు మాకందరికీ పాయసం పంపారు.

విచారణ ఈదులగూడెం బడి ఆవరణలోనే పెట్టారు. షామియానా, అద్దె కుర్చీలు, వేదిక మీద అధికారులు. పక్కన కంపెనీవాళ్ల ఫ్లెక్సీ. నీలం రంగు ఈతకొలను, బుడగలు పట్టుకున్న తెల్లటి పిల్లలు, ఊళ్లో ఒక్కరికీ నోరు తిరగని ఇంగ్లీషు పేరు. కంపెనీ తరఫున మాట్లాడటానికి వచ్చినాయన చక్కగా ఇస్త్రీ చొక్కా వేసుకున్న మర్యాదస్థుడు. దీవెనమ్మ గారి దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు. "నమస్తే మేడం. మీది బాపట్ల అటగా. మాది చీరాల. మనం మనం ఒకటి."

"ఎవరెవరు ఒకటో విచారణ అయ్యాక చూద్దాం బాబూ" అన్నారావిడ. నాకు కడుపు నిండిపోయింది.

పెద్ద అధికారి ఒక్కొక్క అభ్యంతరమే చదువుతూ వచ్చి, మా దాని దగ్గర ఆగాడు. "గ్రామస్థులు గ్రామ కంచెను తొలగించరాదని కోరారు" అన్నాడు. చీరాలాయన లేచాడు. "సార్, ఈ అభ్యంతరాన్ని మేం మనస్ఫూర్తిగా గౌరవిస్తున్నాం. ఇప్పుడున్న ముళ్లకంచె పాతబడిపోయింది. దాని స్థానంలో చుట్టూ ఎత్తైన ప్రహరీగోడ మా ఖర్చుతో కట్టిస్తాం. వాళ్లు అడిగినదానికంటే ఎక్కువే ఇస్తున్నాం." అధికారి మొహం విప్పారింది. "అయితే ఈ అభ్యంతరం పరిష్కారమైనట్టే కదా" అంటూ పెన్ను తీశాడు.

ఆడవాళ్ల కుర్చీల్లోంచి యాదమ్మ లేచింది. "ఏందీ? గోడా? గోడ ఎవలడిగిండ్రు?"

"మీరే కదమ్మా, కంచె కావాలని రాశారు."

"కంచ గావాలన్నం. గోడ గావాలన్నమా?"

"కంచె కంటే గోడ గట్టిది కదమ్మా" అన్నాడు చీరాలాయన నెమ్మదిగా, పసిపిల్లకి చెప్పినట్టు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"నవ్వకుర్రి! మా మేకలు గోడ మేస్తయా?" అని అరిచింది యాదమ్మ.

నా మోచేతి మీదున్న దీవెనమ్మ గారి చెయ్యి బిగుసుకుంది. తర్వాత ఆవిడ నన్ను వదిలారు. నెమ్మదిగా లేచి యాదమ్మ దగ్గరికి వెళ్లారు. "యాదమ్మా, కంచ అంటే ఏమిటి?" అని అడిగారు. జీవితంలో మొదటిసారి అనుకుంటాను, ఆవిడ యాదమ్మని ఒక మాటకి అర్థం అడగడం.

"ఏందమ్మా గట్లడుగుతవ్? కంచంటే కంచ! గా గుట్టలు, గా గడ్డి, గా సీతాఫలం చెట్లు, మా మేకలు మేసేది, నీకు కాయలు దెచ్చేది. గదంత కంచే."

ఇక నాకూ అర్థమైంది. మా వైపు కంచె అంటే చుట్టూ వేసే దడి. వీళ్ల దగ్గర కంచ అంటే ఆ దడి లోపల ఉన్నదంతా. ఒక్క ఎత్వం పెట్టేసరికి ఊరి మేతనేల మొత్తం ఎగిరిపోయి ముళ్లతీగ మిగిలింది. ఊరివాళ్లు వేలిముద్రలు వేసి అడిగింది ఆ తీగని. ఇప్పుడేమిటి గతి?

దీవెనమ్మ గారు మైకు అడిగి తీసుకున్నారు. "సార్, ఆ కాగితం నేను రాశాను. అందులో తప్పుంది. వీళ్లు కంచ అన్నారు, నేను కంచె అని దిద్దాను. పప్పులో కాలేశాను."

చీరాలాయన చటుక్కున లేచాడు. నిజం చెప్పొద్దూ, ఆయన మాటలో వెటకారం లేదు. "మేడం, మీరు రాసింది అచ్చమైన తెలుగు. నేను చదివాను, ఒక్క దోషం లేదు. వీళ్లకే మాట సరిగా పలకడం రాదు. దానికి మీరెందుకు తలవంచుకోవాలి?"

తప్పుకోవడానికి అంతకంటే మంచి దారి ఎవరూ చూపించలేరు. దిద్దడమే తప్ప దిద్దించుకోవడం ఎరగని మనిషి ఆవిడ. నిండు సభలో, తన వైపు మనిషే, తన తెలుగుని మెచ్చుకుని మరీ చేయందిస్తున్నాడు. అవునంటే చాలు, పరువు దక్కుతుంది. ఆవిడ ఒక్క క్షణం కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"లేదు బాబూ. వాళ్లు సరిగ్గానే పలికారు. నాకే వినడం రాలేదు" అన్నారు.

అధికారి ఇబ్బందిగా కదిలాడు. గడువు అయిపోయిందనీ, ఇప్పుడు కొత్త అభ్యంతరం తీసుకోవడానికి వీల్లేదనీ, రాతలో ఏముంటే అదే లెక్కనీ అన్నాడు. "కొత్తది కాదండీ, అక్షరదోషం" అన్నారావిడ. "బడిలో అక్షరదోషానికి నేను అరమార్కు తగ్గించేదాన్ని. ఇక్కడ మీరు ఊరి నేలంతా తగ్గిస్తున్నారు. విచారణంటే వినడమే కదా. ఆ మాటకి అర్థమేమిటో వీళ్ల నోటే వినండి." అధికారి పక్కవాళ్లతో గుసగుసలాడి, చివరికి చెయ్యి ఊపాడు.

ఆవిడ మైకు పట్టుకుని కుర్చీల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి నోటి దగ్గరా పెట్టారు. కంచంటే మా మేకల మేత అన్నాడొక ముసలాయన. వానొస్తే నీళ్లు కంచ మీదికెల్లే చెరువులకొస్తయ్, కంచ లేకుంటే చెరువు లేదు అన్నాడొక రైతు. "మా నాయినను బొంద వెట్టింది సుత కంచలనే" అని ఒక కోడలు ఏడ్చింది. అంతకుముందు కంపెనీ వైపు కూర్చున్న ఒక పెద్దమనిషి కూడా మైకు దగ్గరికొచ్చేసరికి తల వంచుకుని, "చిన్నప్పుడు కంచల తేనె వట్టెటోళ్లం" అన్నాడు. గుమాస్తా అన్నీ రాసుకుంటున్నాడు. దీవెనమ్మ గారు వెళ్లి అతని భుజం మీంచి వంగి చూశారు. "నాయనా, ఎత్వం పెడుతున్నావు. తీసెయ్" అన్నారు. అతను కొట్టేసి మళ్లీ రాశాడు. పక్క పేజీలో మళ్లీ పెట్టాడు. మళ్లీ తీయించారు. విచారణ ముగిసేదాకా ఆవిడ అతని పక్కనుంచి కదలలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు కాప్రా చేరింది. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందంటారే, అది ఇదే శైలూ" అన్నారు. "ఏళ్ల తరబడి వాళ్ల నేలెక్కి పచ్చిక గురించి పాడుకున్నాను. ఆ పచ్చికకి ఇక్కడ పేరేమిటని ఒక్కసారైనా అడగలేదు." కళ్లు తుడుచుకోలేదు, అలా కారనిచ్చారు. ఆవిడ ఏడవగా నేను చూసింది అదొక్కసారే. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ క్షణంలో ఆవిడంటే నాకున్న భయం పోయింది. దాని స్థానంలో వచ్చిన గౌరవం ఇవాళ్టికీ పోలేదు.

చాలా నెలల తర్వాత, ఆ నేల వినియోగం మార్చేది లేదని ఉత్తర్వు వచ్చింది. మా వల్లే ఆగిందని గొప్పలు పోను. చెరువుకి నీళ్లు పారే దారి కాబట్టి వద్దన్నారని విన్నాం. ఆ నీళ్ల సంగతి ఆ రోజు మైకులో చెప్పిన రైతు నోటి నుంచే కాగితం మీదికెక్కింది, అంతవరకు నాకు తెలుసు. ఆ ఏడు మొదటి గంప దించుతున్న యాదమ్మని దీవెనమ్మ గారు, "కండ్లు దెరిసినయేనా?" అని అడిగారు. యాదమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "తెరిచిన అనాలె టీచరమ్మా! గట్ల మాట్లాడితే మార్కులు కట్" అంది. ఇద్దరూ గేటు పట్టుకుని నవ్వుతుంటే నాన్న దుకాణం నుంచి ఏం జరిగిందోనని పరుగెత్తుకొచ్చారు.

ఎర్ర పెన్ను మానేశారనుకునేరు. అబ్బే! శుభలేఖలకి మోక్షం లేదు. కాకపోతే కొత్త అలవాటు ఒకటి వచ్చింది. ఎవరి నోటైనా తనకి తెలియని మాట వినపడితే దిద్దబోయి ఆగి, "మీ దగ్గర దీన్నేమంటారు?" అని అడిగేవారు. ఆటోవాళ్లనీ, పాలవాళ్లనీ అడిగేవారు. మా దుకాణానికొచ్చి కూడా గిన్నెల పేర్లడిగారు. ఇక్కడివాళ్లు వంటగిన్నెని గంజు అంటారని నాన్న గర్వంగా చెప్పారు. "అయ్యో, ఇన్నాళ్లూ గంజి అనబోయి గంజు అంటున్నారనుకున్నానండీ" అన్నారావిడ. చివరి రోజుల్లో ఆస్పత్రికి చూడబోతే, మాట సరిగా రాకున్నా, తల కింద చెయ్యి పెట్టి చూపించారు. "ఇది దిండు కాదట శైలూ, మెత్తట. ఆయా చెప్పింది. ఎంత హాయిగా ఉందో మాట." ఆవిడ నాతో చివరగా మాట్లాడింది అదే.

నేను ఇప్పుడు పిల్లల పుస్తకాలు వేసే చోట ప్రూఫులు దిద్దుతాను. ఆవిడ పెట్టిన భిక్షే. 'అవ్వ పొయ్యి మీద గంజు పెట్టింది' అన్న వాక్యంలో గంజుని గంజిగా మార్చబోయిన కొత్తమ్మాయితో మొన్న పెద్ద గొడవే పెట్టుకున్నాను. దిద్దే ముందు రాసినవాళ్లకి ఫోన్ చేసి అడుగుతాను. దీనివల్ల పని ఆలస్యమవుతుందని మా పైవాళ్లు సణుగుతారు. సణగనీండి.

ఇక మొన్నటి సంగతి. గంప దించుతూనే యాదమ్మ, "మళ్ల నోటీసు వడ్డది బిడ్డా" అంది. ఇప్పుడామెకి మోకాళ్ల నొప్పులు, గంప ఆటోలో వస్తుంది, గొంతు మాత్రం అదే. "కంపెనీ మారింది, పేరు మారింది, బొమ్మలు గవే. ఈసారి రాసేటందుకు టీచరమ్మ లేకపాయె."

"నేనున్నాను కదా యాదమ్మా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు గా ఎత్వం పెట్టవు గద?" అంది. నవ్వుతూనే అంది కాని కళ్లు నవ్వలేదు. పెట్టనని ఒట్టేశాను.

అందుకే ఈ పొద్దున, చేతులకి ఇంకా సీతాఫలం జిగురుండగానే, ఫోను తీసి మొదలుపెట్టాను. గంభీరమైన తెలుగేమీ లేదు. 'మా ఊరి కంచ మాకే ఉండాలె' అని పాత కాగితంలో మొదటి ముక్కే కొట్టాను. కొట్టీ కొట్టగానే ఫోను తనంతట తాను దిద్ది, కంచె అని చూపించింది. వెనక్కి వెళ్లి ఎత్వం తీసేశాను. రెండో ముక్క కొట్టాను, మళ్లీ పెట్టింది. "నాయనా, తీసెయ్" అన్నాను పైకే, వంటింట్లో ఒక్కదాన్నీ. అది పెడుతూనే ఉంది, నేను తీస్తూనే ఉన్నాను.